తెలుగు తరగతిలో ఎవరు మాట్లాడారు?

ఈ ప్రత్యేక సంచికకు సర్వీసు జ్ఞాపకాలు ఏవైనా రాసి పంపమని కార్యదర్శి గారు కోరారు. ఉపాధ్యాయుల జ్ఞాపకాలంటే బదిలీలు, ఇంక్రిమెంట్లు, ఎన్నికల డ్యూటీలు. అవన్నీ మనం కలిసినప్పుడల్లా చెప్పుకునేవే. కాబట్టి ముప్పై అయిదేళ్ళు తెలుగు పండితుడిగా ఉద్యోగం చేసి, 2003లో విశ్రాంతి పొందిన తరువాత తీరిగ్గా చదువుకున్న విషయం ఒకటి మనవి చేస్తాను. తెలుగు తరగతిలో గురువుకూ శిష్యునికీ మధ్య మాటలు ఎలా సాగేవి, ఎవరు మాట్లాడేవారు, ఎవరు ఊరకుండేవారు అన్నదే ఆ విషయం. ఉపాధ్యాయులు కాని సభ్యులు కూడా విసుక్కోకుండా చదవాలి. ఎందుకంటే మనలో ప్రతి ఒక్కరూ ఏదో ఒకనాడు ఆ బెంచీ మీద కూర్చున్నవారే.

మన ప్రాంతపు బడుల గురించి మనకు దొరికే పాత లెక్క 1823 నాటిది. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, ఏ జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఎంతమంది చదువుతున్నారు లెక్క తీసి పంపమని కలెక్టర్లకు ఉత్తర్వు ఇచ్చాడు. మన అనంతపురం అప్పుడు ప్రత్యేక జిల్లా కాదు. 1882 వరకు బళ్ళారి జిల్లాలో భాగం. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో తన నివేదిక పంపాడు. ఈయన తెలుగు రానివాడు కాడు, 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేసినవాడు. ఆయన లెక్క ప్రకారం జిల్లా జనాభా 9,27,857. బడులు 533. చదివేవారు 6,641. అంటే బడికి పన్నెండు మంది. వెయ్యిమంది జనంలో దాదాపు ఏడుగురే బడిలో ఉన్నారు. ఆడపిల్లలు మొత్తం మీద అరవైమంది. తెలుగు చెప్పే బడులు 226 అయితే, కన్నడం చెప్పేవి 235.

ఆ బడి ఎలా మొదలయ్యేదో క్యాంబెల్ రాసింది చదివితే నవ్వూ వస్తుంది, అరచెయ్యీ చురుక్కుమంటుంది. పొద్దున అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న చుడతారు. అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆ తరువాత వచ్చినవాళ్ళకు ఒక్కొక్కటి పెంచుకుంటూ పోవడమే. చదవని మొండివాణ్ణి చేతులు కట్టి ఇంటి దూలానికి వేలాడదీసేవారట. ఇదే మన పెద్దలు చెప్పే కోదండం. గుంజీళ్ళు కూడా అందులో ఉన్నాయి. వాటిని మన తరం వారికి ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

అయితే ఆ బడిలో ఒక మంచి కూడా ఆయన చూశాడు. ఇసుకలో వేలితో దిద్దించే పద్ధతి, ముందు నేర్చిన పిల్లవాడు వెనుక వచ్చినవాడికి చెప్పే పద్ధతి ఎంతో మెచ్చుకోదగ్గవనీ, ఇంగ్లండులో కూడా వీటిని అనుకరించారనీ రాశాడు. ఆ మాట ఊరికే అన్నది కాదు. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ అనే దొర ఇలాంటి వీధిబడులను చూసి, ఆ పద్ధతిని తన ఆశ్రమంలో పెట్టి, 1797లో లండనులో పుస్తకం వేశాడు. దానికి అక్కడ మద్రాసు పద్ధతి అనే పేరు నిలిచింది. పన్నెండు మంది పిల్లలు, ఒక అయ్యవారు, మధ్యలో ఇద్దరు ముగ్గురు పెద్ద పిల్లలు. ఆ పెద్ద పిల్లవాడు చిన్నవాడికి అక్షరం చెప్పేటప్పుడు ఏ భాషలో చెప్పి ఉంటాడు? వాళ్ళిద్దరూ చెరువుగట్టు మీద మాట్లాడుకునే భాషలోనే గదా. మన పాత బడిలో పిల్లల నోటికి అంతో ఇంతో పని ఉన్నది అక్కడేనని నా నమ్మకం.

ఇక క్యాంబెల్ ఎత్తి చూపిన లోపం ఏమిటంటే, పుస్తకాలన్నీ పద్యాలు. వాటి భాష వేరు, ఇంట్లో సంతలో కచేరీలో నడిచే భాష వేరు. అక్షరాలు ఒక్కటే కాబట్టి పిల్లవాడు చదవగలడు, కానీ అర్థం కాదు. వందల పద్యాలు అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతాడు, భావం విషయంలో మాత్రం చిలకకూ వాడికీ తేడా లేదు అన్నాడు. ఈ మాట అన్నందుకు ఆయన మీద కోపం తెచ్చుకునేవారున్నారు. నాకు లేదు. పద్యం నోటికి రావడం గొప్ప సంగతే. నేటికీ నాకు నిద్ర పట్టని రాత్రి తోడుండేవి చిన్నప్పుడు కంఠస్థం చేసిన పద్యాలే. కానీ పద్యం అప్పజెప్పే పిల్లవాడు అయ్యవారితో మాట్లాడుతున్నట్టు కాదు. మాట్లాడ్డం అంటే తెలియనిది అడగడం, తెలిసింది తన మాటల్లో చెప్పడం. ఆ రెండింటికీ అక్కడ చోటు లేదు.

ఆ తరువాత దొరతనంవారి బడులు వచ్చాయి. 1853లో పరవస్తు చిన్నయసూరి గారి నీతిచంద్రిక, 1858లో బాలవ్యాకరణం వెలువడ్డాయి. సూరిగారి వచనం ఎంత ఒద్దికగా ఉంటుందో చెప్పడానికి నేను చాలను. కానీ బడుల్లో వచనం కూడా పద్యంలాగే అప్పజెప్పే సామగ్రి అయిపోయింది. బాలవ్యాకరణం పేరులోనే బాలలున్నారు గానీ, దాన్ని విప్పి చెప్పడానికి పండితులు సైతం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. పులి మీద పుట్రలాగా మద్రాసు రాజధానిలో ఫలితాన్ని బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి పెట్టారు. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాడు. ఎంతమంది సరిగా చెబితే అయ్యవారికి అంత డబ్బు. ఇక ఏ అయ్యవారైనా ఏం చేస్తాడు? అడగబోయే నాలుగు ప్రశ్నలకూ నాలుగు జవాబులు రుబ్బిస్తాడు. పిల్లవాడు ఎదురు ప్రశ్న వేస్తే ఆ పూట గ్రాంటులో కోత.

ఈ తతంగాన్ని గురజాడ వారు కన్యాశుల్కంలో ఎంత చక్కగా పట్టుకున్నారో చూడండి. తల్లి ముచ్చటపడి, ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకోండి వింటానంటుంది. గిరీశం, వెంకటేశం తమకు నోటికొచ్చిన ఇంగ్లీషు పద్యాల ముక్కలు ఒకరి మీద ఒకరు విసురుకుంటారు. ఆవిడ పొంగిపోతుంది. మనం నవ్వుకుంటాం. కానీ ఇన్‌స్పెక్షన్ నాడు మన తరగతుల్లో జరిగిన సంభాషణలు చాలావాటికి అదే నకలు. మాదిరి పాఠానికి ముందురోజే ఎవరు లేచి ఏం చెప్పాలో నిర్ణయమైపోయేది. అధికారి గారు వెనుక కుర్చీలో కూర్చుని తల ఊపేవారు. ఆయనా ఒకప్పుడు ఉపాధ్యాయుడే, ఆయనకూ అంతా తెలుసు.

ఇప్పుడు అసలు మలుపు చెబుతాను. 1906-07 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాలకు జె. ఎ. ఏట్సు అనే ఇంగ్లీషాయన పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. భాషను అనువాదం ద్వారా కాకుండా సంభాషణ ద్వారా నేర్పాలనే పద్ధతి మీద ఆయనకు గురి. వస్తువు చూపించు, అడుగు, జవాబు రాబట్టు, ఆ భాషలోనే మాట్లాడు. ఇంగ్లీషు తరగతిలో అది కుదిరింది. తెలుగు తరగతికి వచ్చేసరికి చిక్కొచ్చి పడింది. తెలుగు పంతులు తెలుగు పిల్లవాడితో తెలుగులో మాట్లాడాలి, సరే, ఏ తెలుగులో? పుస్తకంలో ఉన్నది 'వచ్చుచున్నాడు'. పంతులు గారి నోట వచ్చేది 'వస్తున్నాడు'. పిల్లవాడి ఇంట్లో మరోటి. ప్రజలు మాట్లాడే భాషకూ బడిలో నేర్పే భాషకూ ఇంత తేడా ఎందుకుందని ఏట్సు అడిగాడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారికీ, విజయనగరంలో గురజాడ వారికీ, విశాఖపట్నం కళాశాల ప్రిన్సిపాలు పి. టి. శ్రీనివాస అయ్యంగారికీ ఇదే ప్రశ్న అప్పటికే లోపల మెదులుతూ ఉంది. నలుగురూ కలిశారు.

వ్యావహారిక భాషోద్యమాన్ని మనం సాహిత్యోద్యమంగానే చెప్పుకుంటాం. ఎం.ఏ. పరీక్షల్లో కూడా అలాగే రాసేవాళ్ళం. నా దృష్టిలో మాత్రం అది మొట్టమొదట తరగతి గదిలో పుట్టిన తగవు. పద్యం అప్పజెప్పినంత కాలం గ్రాంథికానికి ఏ ఇబ్బందీ లేదు. పిల్లవాడితో మాట్లాడాలి అన్న క్షణాన దానికి కాళ్ళు ఆడలేదు. ఎందుకంటే ఆ భాషలో ఎవరూ ఎవరినీ మంచినీళ్ళు అడిగి ఎరగరు.

రామమూర్తి పంతులు గారికి ఇది తట్టడంలో ఆశ్చర్యం లేదు. 1863 ఆగస్టు 29న పుట్టిన ఆయన 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరారు. ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకోవాలని, ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, పంతులై ఉండీ తానే శిష్యుడిగా కూర్చుని నేర్చుకున్నారు. సవర భాషలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, సవర పిల్లలకు చదువు చెప్పించారు. లిపి లేని భాషలో పాఠం చెప్పి, పిల్లల కళ్ళలో వెలుగు చూసినవాడికి, తెలుగు పిల్లవాడు తెలుగు తరగతిలో నోరు మూసుకుని కూర్చోవడం ఎలా సహ్యమవుతుంది?

1913 నాటికి వాదం ముదిరింది. పంతులు గారు ఆధునికాంధ్రం మీద ఇంగ్లీషులో విజ్ఞాపన అచ్చువేశారు. జయంతి రామయ్య పంతులు గారు గ్రాంథికాన్ని సమర్థిస్తూ అదే ఏడు జవాబు వేశారు. 1914లో గురజాడ వారు మద్రాసు విశ్వవిద్యాలయానికి తమ అసమ్మతి పత్రం సమర్పించి, మరుసటి ఏడే కన్నుమూశారు. పరీక్షల్లో వ్యావహారికం రాసుకోవచ్చని తలుపు కాస్త తెరిచినట్టే తెరిచి మళ్ళీ మూసేశారు. రామమూర్తి గారు 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టి, ఊరూరా సభల్లో వాదించి, గ్రాంథికమే రాయాలన్న పండితులు తామే తప్పులు లేకుండా రాయలేకపోతున్నారని పుస్తకాలు తీసి చూపించారు. పండితులకు అది మహా కష్టంగా తోచింది. జయంతి వారి పక్షాన కూడా న్యాయం లేకపోలేదు. ఎవరి యాసలో వారు రాసుకుంటూ పోతే అందరికీ కలిసి ఒక రాత భాష ఎలా నిలుస్తుందన్నది వారి భయం. పిల్లవాడి నోటిమాట తప్పు కాదు అన్నంత మాత్రాన రాతకు ఒక కట్టుబాటు వద్దని కాదు. ఈ రెండూ కలిసి ఉండగలవని గ్రహించడానికి మనకు మరో అర్ధ శతాబ్దం పట్టింది. గిడుగు వారు 1940 జనవరిలో కాలం చేశారు. ఆనాటికి పత్రికలు మారుతున్నాయి గానీ, పాఠ్యపుస్తకం ఇంకా 'చున్న'నే పట్టుకుని ఉంది.

తెలంగాణా సోదరుల కథ ఇంకొక రకం. నిజాం రాజ్యంలో పై చదువు ఉర్దూలో. ఉస్మానియా విశ్వవిద్యాలయమే 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. అక్కడి తెలుగు పిల్లవాడు ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి. 1956 తరువాత బడిలో తెలుగు వచ్చినా, అది ఎక్కువగా కృష్ణా గోదావరి జిల్లాల తెలుగు. 'బర్రె' అంటే పక్క పిల్లలు నవ్వారని, ఆ ప్రాంతం నుంచి వచ్చిన మిత్రుడొకాయన ఒక సెమినారులో నాతో అన్నాడు. నేను మా 'ఎనుము' గురించి చెప్పాను. ఇద్దరం కలిసి 'గేదె' మీద కసి తీర్చుకున్నాం.

ఆ ఎనుము కథ చెప్పి తీరాలి. 1974లో కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక హైస్కూల్లో ఎనిమిదో తరగతికి పాఠం చెబుతున్నాను. పండిత శిక్షణలో నేర్పిన వరస ప్రకారం ఉన్ముఖీకరణ, ఆదర్శ పఠనం, మౌన పఠనం అన్నీ అయ్యాయి. 'మహిషము' అన్న మాట వచ్చింది. అర్థం ఏమిటంటే, గైడు కొన్నవాళ్ళు నలుగురు 'గేదె' అని ఒక్కసారి అరిచారు. గేదె అంటే ఏమిటిరా అంటే తరగతి చప్పబడిపోయింది. మా పక్కన గేదె అనేవారెవరు? నేను "ఎనుము రా, ఎనుము" అన్నాను. చివరి బెంచీలో ఒక పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. రెండేళ్ళుగా హాజరు పలకడానికి తప్ప నోరు విప్పనివాడు. వాళ్ళ ఇంట్లో ఎనుములున్నాయి. లేపి అడిగితే పాడి ఎనుము, చూడి ఎనుము, వట్టిపోయింది, పడ్డ, దున్నపోతు అంటూ ఒక్కొక్కటీ వివరంగా చెప్పుకొచ్చాడు. ఆ తరువాత వాడే అడిగాడు. "అయితే సార్, మహిషాసురుడంటే దున్నపోతు రాక్షసుడా?" అవునన్నాను. ఇంకొకడు లేచి "మైసూరులో ఆయప్ప బొమ్మ ఉండాది సార్, మా మామ చూసినాడు" అన్నాడు. మైసూరు పేరే మహిషుడి ఊరు అన్న మాట నుంచి వచ్చిందని చెబుతారు అన్నాను. అంతకు ముందటి ఏడాదే మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిందని ఒకడు గుర్తుచేశాడు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. పక్క తరగతి మాస్టారు మాత్రం వచ్చి, పిల్లలు గోల చేస్తున్నారని అన్నారు.

ఆ చివరి బెంచీ పిల్లవాడు పది గట్టెక్కి, ఆర్టీసీలో కండక్టరై, ఆ మధ్య రిటైరయ్యాడు. అందరికీ అలా జరగలేదు. అదే బడికి దగ్గరి ఊళ్ళో ఒక అమ్మాయి ఏడో తరగతి పరీక్షలో తెలుగులో తప్పింది. లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో కాదు, తెలుగులో. నాకు ఆ పిల్ల మాట తెలుసు. పేడ ఎత్తుతూ కూడా సామెత లేకుండా మాట్లాడేది కాదు. పరీక్షలో మాత్రం తనకొచ్చిన తెలుగే రాసింది. యాడ, ఉండాది, పోతాండారు. దిద్దినవారు గీత మీద గీత గీశారు. మళ్ళీ బడికి పంపమని నేను రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. "దానికి తెలుగే రాలేదంట గదప్పా, ఇంకేం చదువు" అన్నాడు తండ్రి. తెలుగు తప్ప మరో భాష వినని ఇంట్లో ఆ మాట విని నేను ఏమీ మాట్లాడలేకపోయాను. ఆమెకు ఆ ఏడే పెళ్ళి చేశారు.

బి.ఇడి. చదివిన మిత్రులకు ఫ్లాండర్స్ గుర్తుండే ఉంటాడు. అమెరికా ఆయన. తరగతిలో కూర్చుని ప్రతి మూడు సెకన్లకు ఒకసారి ఎవరు మాట్లాడుతున్నారో పది గళ్ళలో గుర్తు వేసుకునే పద్ధతి పెట్టాడు. పది గళ్ళలో ఏడు ఉపాధ్యాయుడి మాటకు, రెండు పిల్లల మాటకు, ఒకటి నిశ్శబ్దానికీ గందరగోళానికీ. తరగతిలో మూడింట రెండు వంతుల కాలం ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉంటారని, అందులో మూడింట రెండు వంతులు ఉపాధ్యాయుడేనని ఆయన తేల్చాడు. 1975లో బర్మింగుహామ్‌లో సింక్లేర్, కుల్తార్డ్ అనే ఇద్దరు మరో సంగతి చూపారు. తరగతిలో మాట మూడు మెట్లలో నడుస్తుందట. అయ్యవారు అడుగుతాడు, పిల్లవాడు చెబుతాడు, అయ్యవారు బాగుందనో కాదనో అంటాడు. అంతటితో సరి. పొడుపు కథలాగా జవాబు తెలిసినవాడే ప్రశ్న వేస్తాడు. లోకంలో మరెక్కడైనా ఇలా జరుగుతుందా? "బస్సు ఎన్నింటికి?" అని అడిగి, జవాబు చెప్పినవాడిని "శభాష్, కూర్చో" అంటామా?

మన రాష్ట్రంలో 1980ల మధ్య నుంచి 1996 దాకా నడిచిన ప్రాథమిక విద్యా పథకం, ఏపెప్, ఈ ముడిని కొంత సడలించింది. బ్రిటిషువారి సాయంతో నడిచింది గదా అని చాలామంది వెటకారం చేశారు. కృత్యాలంటూ చింతగింజలు, గులకరాళ్ళు పోగుచేయడం చూసి నవ్వారు. కానీ పిల్లలు గుంపులుగా కూర్చోవడం, చుట్టూ ఉన్న ఊరిని పాఠంలోకి తేవడం, పిల్లలు రాసింది, గీసింది గోడకు తగిలించడం మన ఎలిమెంటరీ బడుల్లో ఒక ఆనవాయితీగా వచ్చింది దానితోనే. టీచర్ సెంటర్లో ఇచ్చిన ఉప్మా ఒక్కటే గుర్తుపెట్టుకున్నవారితో నాకు పేచీ లేదు. మేము పండితులం హైస్కూలు వాళ్ళం. జీతం స్కేలులోనూ పదోన్నతిలోనూ వెనక బెంచీ వాళ్ళం. మాకు ఆ ఉప్మా కూడా అందలేదు. పాఠ్యపుస్తకాల్లో 'చున్న' పోయి 'తున్న' రావడం మాత్రం మా సర్వీసులోనే కళ్ళారా చూశాం.

ఇప్పటి సంగతి చూస్తే గ్రాంథికం స్థానంలోకి ఇంగ్లీషు వచ్చి కూర్చుంది. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బడిలో, తెలుగు మాట్లాడారని చిన్న పిల్లల మెడలో ఇక మీదట తెలుగు మాట్లాడనని రాసిన పలకలు వేలాడదీశారు. పత్రికల్లో వచ్చి పెద్ద గొడవైంది. ఇంగ్లీషు రావద్దని నేను అనను. నా మనవలంతా ఇంగ్లీషు మీడియమే, వాళ్ళ ఉద్యోగాలు దానితోనే. కానీ పలక మెడలో వేసుకున్న పిల్ల రేపు తరగతిలో ఏ భాషలోనైనా ప్రశ్న అడుగుతుందా?

2020లో కరోనా కాలంలో మా చిన్న మనవడి తెలుగు పాఠం సెల్‌ఫోనులో జరిగేది. పక్కన కూర్చుని చూసేవాణ్ణి. నలభై చిన్న గళ్ళలో నలభై మొహాలు. గోల లేకుండా ఉండడానికి టీచరమ్మ అందరి గొంతులూ ఒక్క మీటతో మూసేసింది. పాపం, ఆవిడ తప్పేమీ లేదు. నలభై ఇళ్ళ కుక్కర్ల కూతలు వింటూ పాఠం ఎవరు చెప్పగలరు? చివర్న "అర్థమైందా?" అంది. నలభై బొటనవేళ్ళు లేచాయి. మావాడు వేలు చూపిస్తూనే నా వైపు తిరిగి, "తాతా, 'ఏతం' అంటే ఏంది?" అన్నాడు. ఆ మీట ఎక్కడుందో వెదికి, టీచరమ్మనే అడగమన్నాను. అడిగాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "మీ తాతగారు పక్కనుంటే ఆయన్నే చెప్పమనండి, అందరం విందాం" అంది. అలా పదిహేడేళ్ళ తరువాత మళ్ళీ ఒక పావుగంట పాఠం చెప్పాను. బావి, బాన, మొగ్గు తూచే బరువు, ఏతం మీద నడిచే మనిషి. ఈసారి పిల్లల గొంతులన్నీ తెరిచే ఉన్నాయి, కుక్కర్లతో సహా.

సభ్యులకు ఒక విన్నపం. మీ ఇళ్ళల్లో అటక మీద 1940లు, 50ల నాటి తెలుగు వాచకాలు, పెద్దబాలశిక్షలు, బడి విజిటర్సు పుస్తకాల నకళ్ళు, పాత ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు ఉంటే దయచేసి పాత పేపర్లవాడికి తూకానికి వేయకండి. సంఘం కార్యాలయంలో నా పేరు చెప్పి ఇవ్వండి. జిరాక్సు తీసుకుని, అట్ట చిరిగి ఉంటే అతికించి, భద్రంగా తిరిగి పంపుతాను.